నాలుగు సాక్ష్యములు: సోవియట్ భుజకీర్తులను సేకరించుట, పరీక్షించుట

పాత వస్తువులను సేకరించువారిని మిక్కిలిగా చెరచునది ధనలోభము కాదు. తాము కోరినదే తమకు దొరికినదని త్వరపడి నమ్ముట. వస్తువు చేతికి వచ్చిన క్షణముననే మనస్సు దానికొక కథ నల్లుకొని, ఆ కథకు అనుకూలమైన గుర్తులను మాత్రమే చూచి, ప్రతికూలమైనవానిని చూడనొల్లక, విక్రేత మోసగించుటకు ముందే తన్ను తాను మోసగించుకొనును. ఈ చపలత్వమును అదుపులో పెట్టుకొనుటకు తగిన వ్యాసంగములు పెక్కు కలవు గాని, అల్పవ్యయముతో, ఇంటిలోని బల్లమీదనే, ఎవరికివారు అభ్యసింపదగినది సోవియట్ సైనికుల భుజకీర్తుల సేకరణము. రష్యనులు పగోన్లని పిలుచు ఈ భుజకీర్తి అరచేతిలో ఇముడునంతటి గుడ్డముక్క. అయినను ఒక రాజ్యము చేసిన శాసనము, ఒక కాలమునాటి నూలు, ఒక కర్మాగారపు పనితనము, ఒక మనిషి ఉద్యోగజీవితము దానియందు ఒకటిగా కుట్టబడియున్నవి. కావున దాని పరీక్షకు నాలుగు సాక్ష్యములు కలవు. వానిని విడివిడిగా వినుట నేర్చుకొనుటయే ఈ అధ్యాయమునకు ప్రయోజనము.

పరిసరములే పాఠశాల

ఉప్పల్, నాచారం ప్రాంతములలో నివసించువారికి ఈ విషయమున ఒక భాగ్యము కలదు. హైదరాబాదు తూర్పుకొసన ఉన్న ఈ నేల సత్యాసత్య పరీక్షకు అంకితమైన సంస్థలకు నిలయము. 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పల్ రోడ్డున ఉన్నది, పక్కనే రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలయు, సందేహాస్పదములైన దస్తావేజుల సంతకములను, సిరాలను, కాగితములను పరిశీలించు ప్రభుత్వ పరీక్షకుల విభాగమును ఉన్నవి, డి.ఎన్.ఎ. వేలిముద్రల కేంద్రము పూర్వము కొంతకాలము నాచారమున నడిచి, నేడు ఉప్పల్‌లో ఉన్నది. ఆ సంస్థలవారు మన గుడ్డముక్కలను పరీక్షించి యిచ్చువారు కారు. కాని వారి పద్ధతిని మనము అరువు తెచ్చుకొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. ఆ పద్ధతి సారమిది: ఏ ఒక్క గుర్తునకును తీర్పు చెప్పు అధికారము నీయరాదు, ఒకదానితో ఒకటి సంబంధము లేని గుర్తులను వేరువేరుగా విచారించి, అవి యన్నియు ఒకే మాట పలికినప్పుడే నిర్ణయమునకు రావలెను, ఒక్కటి విరుద్ధముగా పలికినను, మిగిలినవి ఎంత మధురముగా పలుకుచున్నను, నిర్ణయమును నిలిపివేయవలెను.

ఇవి తెలుగునాటికి వచ్చిన త్రోవలు

ఎక్కడి సోవియట్ సైన్యము, ఎక్కడి నాచారమని పాఠకుడు సందేహింపనక్కరలేదు. బాలానగరులోని హెచ్.ఎ.ఎల్. శాఖ 1965లో ఏర్పడినది మిగ్-21 విమానములకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరముల తయారీకొరకే, ఐ.డి.పి.ఎల్. ఔషధ కర్మాగారము సోవియట్ సహకారముతో నిర్మితమైనది. అప్పటి మెదకు జిల్లా ఎద్దుమైలారం కర్మాగారమున సోవియట్ నమూనా ననుసరించి 'సారథ్' యుద్ధశకటములు తయారైనవి. విశాఖపట్టణమున నేడు ప్రదర్శనశాలగా నిలిచియున్న కుర్సురా జలాంతర్గామి సోవియట్ నిర్మితము. 1969 డిసెంబరు 18న రీగా రేవున మన నౌకాదళమున చేరి, 2001లో విరమించి, 2002లో సముద్రతీరమున ప్రజల దర్శనార్థము నిలుపబడినది. ఈ కర్మాగారములకును నౌకలకును సంబంధించిన శిక్షణలకై వెళ్లినవారును, మాస్కో మొదలగు నగరములలో వైద్యమును, ఇంజనీరింగును చదివి వచ్చినవారును జ్ఞాపకార్థము తెచ్చుకొన్న బిళ్లలు, టోపీలు, భుజకీర్తులు మన యిండ్ల ఇనుప పెట్టెలలో నేటికిని దొరకుట సహజము. 1991 డిసెంబరులో సోవియట్ రాజ్యము విచ్ఛిన్నమైన పిదప గిడ్డంగులలోని సరకు అంగళ్లకెక్కి ప్రపంచమంతట వ్యాపించెను. అందువలన నేడు అమ్మకమునకు వచ్చువానిలో అధికభాగము 1970 తరువాతి కాలమువి, ఎవరి భుజముపైనను ఎక్కనివి. ఇవి చవుక గనుక వీనికి నకిలీలు చేయుట ఎవరికిని గిట్టదు. నకిలీకారుల దృష్టి యంతయు 1943-45 నాటి యుద్ధకాలపు నమూనాలమీదను, సేనాపతుల, మార్షలుల చిహ్నములమీదను ఉండును. జాగ్రత్త యెక్కడ హెచ్చుగా వలయునో దీనివలన తెలియుచున్నది.

మొదటి సాక్ష్యము: శాసనము

సైనిక చిహ్నమనునది ఉత్తర్వు ననుసరించి పుట్టునది. ఉత్తర్వునకు తేదీ యుండును. ఆ తేదీకి ముందు ఆ చిహ్నము ఉండజాలదు. కావున తేదీల జ్ఞానమే సేకరణకర్తకు ప్రథమాయుధము.

విప్లవానంతరము 1917 డిసెంబరులో హోదాలతోపాటు భుజకీర్తులును రద్దయ్యెను. జారు చక్రవర్తి అధికారుల అహంకారమునకు గుర్తుగా అవి నిందింపబడుచుండెను. 1935లో వ్యక్తిగత హోదాలు తిరిగి వచ్చినను వాని గుర్తులు మెడపట్టీల మీదనే నిలిచినవి. స్టాలిన్‌గ్రాడ్ సమరము ముగియవచ్చుచున్న దినములలో, 1943 జనవరి 6న, సుప్రీం సోవియట్ అధ్యక్షవర్గము భుజకీర్తులను పునరుద్ధరించెను. ఆ నెల 15న రక్షణశాఖ ఉత్తర్వు వెలువడెను. ఫిబ్రవరి మాసమున సైన్యము వానిని ధరింపనారంభించెను. అనగా, 1941లో మాస్కో రక్షణమునందు పోరాడిన సైనికుని భుజకీర్తియని యెవరైన చూపినచో, గుడ్డను తాకి చూచు శ్రమ కూడ అక్కరలేదు.

హోదాల అమరికయందును స్పష్టమైన నియమము కలదు. కింది అధికారులకు నిలువున ఒక రంగుగీత, 13 మిల్లీమీటర్ల చిన్న నక్షత్రములు. జూనియర్ లెఫ్టినెంటుకు ఒకటి, లెఫ్టినెంటుకు రెండు, సీనియర్ లెఫ్టినెంటుకు మూడు, కెప్టెనుకు నాలుగు. పై అధికారులకు రెండు గీతలు, 20 మిల్లీమీటర్ల నక్షత్రములు. మేజరుకు ఒకటి, లెఫ్టినెంట్ కర్నలుకు రెండు, కర్నలుకు మూడు. సేనాపతుల నక్షత్రములు లోహమువి కావు, దారముతో కుట్టినవి. 1943 నమూనాలో బంగారు పట్టీమీద వెండి రంగు నక్షత్రములును, వెండి పట్టీమీద బంగారు రంగు నక్షత్రములును సామాన్యనియమము. దినసరి దుస్తులకు బంగారు, వెండి పట్టీలుండగా, రణరంగమునకు ఖాకీ రంగువి వేరుగా ఉండెడివి. గీత లేని పట్టీపై రెండు నక్షత్రములు నిలువుగా ఉన్నచో అది ప్రాపోర్షిక్ హోదా; ఆ హోదా 1972 జనవరి నుండియే సైన్యమున ఉన్నది గనుక, దానిని యుద్ధకాలపు వస్తువని చెప్పువాడు తెలియనివాడైన కావలెను, తెలిసియు చెప్పువాడైన కావలెను.

అంచుల రంగులు దళమును తెలుపును. 1943లో పదాతిదళమునకు ముదురు గులాబివన్నెయు, వైమానికదళమునకు లేతనీలమును, ఆశ్వికదళమునకు ముదురునీలమును ఏర్పడినవి. సరిహద్దు రక్షకులకు ఆకుపచ్చ. తరువాతి కాలపు మోటారు పదాతిదళమునకు ఎఱ్ఱరంగు వచ్చెను. యుద్ధకాలపు పదాతి భుజకీర్తి కేవలము ఎఱుపుగా ఉన్నచో సందేహింపవలెను.

తేదీ తెలిసిన ఛాయాచిత్రములతో పోల్చిచూచుట ఈ సాక్ష్యమును పటిష్ఠపరచును. 1961 ఏప్రిల్ 12న అంతరిక్షమున కెగసిన యూరీ గగారిన్ అప్పుడు సీనియర్ లెఫ్టినెంటు. యాత్ర జరుగుచుండగనే, కెప్టెను మెట్టును దాటించి, ఆయనను మేజరు చేసిరి. ఆ సంవత్సరాంతమున ఆయన మన దేశమునకు వచ్చునప్పటికి భుజముపై ఉండదగినవి రెండు గీతలు, ఒక పెద్ద నక్షత్రము. ఆనాటి చిత్రములను ముందుంచుకొని ఈ గుర్తులను వెదకుట ప్రారంభకులకు చక్కని పాఠము.

రెండవ సాక్ష్యము: పదార్థము

నమూనాను ఎవరైనను అనుకరింపగలరు గాని, ఆ కాలపు నూలును, ఆ కాలపు జరీని అనుకరించుట దుస్సాధ్యము. ఈ విషయమున మన స్త్రీలకున్న పరిజ్ఞానము పురుషులకు లేదు. ఉప్పల్, నాచారం వీధులలో మగ్గం పని చేయువారిని, గద్వాల చీరలు కొనుటలో ఆరితేరిన పెద్దమ్మలను అడిగిచూడుడు: అసలు జరీలో పట్టుదారము చుట్టు లోహపు తీగ చుట్టుకొని యుండుననియు, నకిలీ జరీ మెరుపుకాగితమువలె తళతళలాడుననియు, పాతబడిన కొలది అసలుది ఒకచోట నల్లబడి ఒకచోట మెరయుచు గాంభీర్యము వహించుననియు వారు చేతితో తాకియే చెప్పుదురు. పాత సోవియట్ అధికారుల పట్టీయును ఇట్టిదే. లోహపు తీగతో నేసినది, బరువైనది, అంచులలో నల్లబడునది. తరువాతి దశాబ్దములలో లోహపు పూతగల కృత్రిమపు దారములు వచ్చి, పట్టీ తేలికయై, మెరుపు ఏకరీతియయ్యెను. పది రెట్లు చూపు భూతద్దముతో తీగ చుట్లను పరిశీలించినచో ఈ భేదము కన్నులకు కట్టును.

దొంగనోట్లను పట్టుటకు దుకాణదారులు వాడు అతినీలలోహిత దీపము మనకును పనికివచ్చును. బట్టలకు తెల్లదనము నిచ్చు రసాయనములు యుద్ధానంతరము వ్యాప్తికి వచ్చినవి. కావున చీకటి గదిలో ఆ దీపము క్రింద అస్తరు గాని కుట్టుదారము గాని నీలికాంతితో వెలిగినచో, యుద్ధకాలపుదను మాటను వెంటనే నమ్మరాదు. అయితే ఈ పరీక్షకు ఎల్లలు కలవు: పాత గుడ్డను నేటి సబ్బుపొడితో ఉతికినను అది వెలుగును; నేటి ముడినూలు వెలుగకయును ఉండవచ్చును. వెలుగుట సందేహమునకు కారణము. వెలుగకుండుట ప్రామాణ్యమునకు ఋజువు కాదు. ఈ తారతమ్యమును గ్రహించినవాడు జీవితమున ఇతర విషయములందును సగము పొరపాట్లను తప్పించుకొనును.

మూడవ సాక్ష్యము: చేతిపని, వాడుక

ముందువైపు మనకు చూపుటకు. వెనుకవైపు మనము చదువుటకు. భుజకీర్తిని బోర్లించి, అస్తరు గుడ్డను, లోపలి అట్టను, కుట్లను, సిరాముద్రలను చూడుడు. చాలవానిపై కర్మాగారపు ముద్రయు, సంవత్సరమును, ఒక్కొక్కప్పుడు ధరయు ఉండును. ముద్ర ఉన్నంత మాత్రమున నమ్మరాదు. ముద్రను కూడ చేయవచ్చును. సిరా నూలుపోగులలోనికి ఇంకి, గుడ్డతోపాటు వెలిసినదా, లేక పైపైన తాజాగా నిలిచియున్నదా అనునది ప్రశ్న.

నక్షత్రమును దగ్గరగా చూచుట ఒక కళ. లోహపు నక్షత్రము వెనుక రెండు రేకుకాళ్లుండును. అవి గుడ్డలో దూరి, వెనుక వంగి, పట్టుకొనును. పట్టీని దీపమునకు ఏటవాలుగా పట్టి చూచినచో, ప్రతి నక్షత్రము క్రింద రెండే రంధ్రములు కనిపించవలెను. నక్షత్రము లేనిచోట రంధ్రముల జంట కనిపించినను, చుట్టును వెలిసిన పట్టీలో నక్షత్రాకృతి గల తాజా బంగారుఛాయ మిగిలియున్నను, అచ్చట పూర్వము వేరొక నక్షత్రముండెనని గ్రహింపవలెను. అది హోదా మార్పు కావచ్చును. లెఫ్టినెంటు నిజముగనే సీనియర్ లెఫ్టినెంటై యుండవచ్చును. విలువ పెంచుటకు నిన్న మొన్న చేసిన మార్పును కావచ్చును. రంధ్రపు అంచులు మాసి మెత్తబడినవా, కొత్తగా తెగి తెల్లగా ఉన్నవా అనునది ఈ రెంటిని వేరుచేయును.

వాడుకయు అబద్ధమాడనిది. మనిషి ధరించిన భుజకీర్తి సమముగా అరగదు. తుపాకి పట్టెడ ఒరసిన అంచు, భుజపు కొస, చొక్కా తగిలిన అడుగుభాగము వేరువేరుగా మాసిపోవును. టీ డికాక్షనులో ముంచి పాతబరచినది అంతటను ఒకే గోధుమవన్నెతో ఉండును. నక్షత్రము క్రింద, మడతలలోపల, ఎండ సోకని చోట్లను సైతము ఆ రంగే కనిపించును. చలనచిత్రముల కొరకును, యుద్ధదృశ్యములను తిరిగి అభినయించు సంఘముల కొరకును చేసిన ప్రతులు తమంతట తాము దోషములు కావు. వానిని అసలువని అమ్మినప్పుడే దోషము.

నాలుగవ సాక్ష్యము: చేతులు మారిన కథ

వస్తువు ఎవరినుండి ఎవరికి, ఎప్పుడు, ఏ కారణమున వచ్చెనను వృత్తాంతము విలువైన సాక్ష్యము. అయితే దీనిని చివర వినవలెను. ముందు విన్నచో మిగిలిన మూడు సాక్ష్యములును దీనికి దాసోహమనును. వినునప్పుడైనను వస్తువును, కథను వేరువేరుగా పరీక్షింపవలెను.

ఉదాహరణమునకు, ఎఱ్ఱని గుడ్డపై పసుపురంగు అక్షరములు రెండు గల ఒక సామాన్య సైనికుని భుజకీర్తిని చూపి, "కుర్సురా జలాంతర్గామిని తెచ్చుటకు రీగా వెళ్లిన మా బాబాయి 1969లో అక్కడి నావికుని వద్ద తీసికొన్నదండీ" అని యొకరు చెప్పిరని భావింతము. ఆ అక్షరములు ఇంగ్లీషు సి, ఏ లవలె కనిపించును. రష్యన్ లిపిలో అవి 'సొవేత్స్కయా ఆర్మియా', అనగా సోవియట్ సైన్యము, అను మాటల తొలి అక్షరములు. ఎఱుపు మోటారు పదాతిదళపు రంగు, నావికులకు నలుపు. పైగా ఆ అక్షరములు 1969 జూలైలో ప్రకటితమై 1970 నుండి అమలైన కొత్త దుస్తుల నియమముతో వచ్చినవి. జలాంతర్గామి మన దళమున చేరినది 1969 డిసెంబరులో. కావున కథ అతుకుటలేదు. అంతమాత్రమున చెప్పినవారు అసత్యమాడిరని అనరాదు. కుటుంబములలో జ్ఞాపకములు ఒకదానిలో ఒకటి కలిసిపోవుట సర్వసామాన్యము. బాబాయి గారు తరువాత మరియొకసారి వెళ్లి తెచ్చియుండవచ్చును. మిగిలిన మూడు సాక్ష్యములును సరిపోయినచో వస్తువు అసలుదేయని యెంచి, దాని తగిన వెల నిచ్చి తీసికొనవచ్చును. జలాంతర్గామి కథకు మాత్రము అదనముగా ఒక్క రూపాయి యీయరాదు. మనము కొనునది వస్తువును. కథను విని, వ్రాసికొని, ఋజువగువరకు వేరుగా ఉంచవలెను.

పెద్దలను అడుగునప్పుడు మర్యాద తప్పరాదు. "ఇది అసలుదేనా?" అని అడిగినచో వారి మాటను శంకించినట్లగును. "బాబాయిగారూ, మీరు అక్కడ ఏ ఊళ్లో ఉన్నారు? ఆ రోజుల ఫోటో ఏదైనా ఉన్నదా?" అని అడిగినచో వారికి ఆనందమును, మనకు సాక్ష్యమును లభించును.

రక్షణము, ధర్మము

హైదరాబాదు వానకాలము గుడ్డకును లోహమునకును శత్రువు. ప్లాస్టిక్ సంచిలో బిగించినచో చెమ్మ లోపలనే నిలిచి నక్షత్రములకు చిలుము పట్టును. ఆమ్లము లేని తెల్లకాగితములో చుట్టి, అట్టపెట్టెలో పరుండబెట్టి, చెమ్మ పీల్చు గుళికల సంచిని ప్రక్కన నుంచవలెను. కలరా ఉండలు గుడ్డకు తగులరాదు. ఇత్తడి పాత్రలు తోమినట్లు చింతపండుతోగాని పీతాంబరితోగాని నక్షత్రములను తోముట మహాపరాధము. పైపూత పోవును, దానితో సాక్ష్యమును పోవును. మురికి కూడ ఒక దస్తావేజు.

రెండవ ప్రపంచయుద్ధమున సోవియట్ ప్రజలు సుమారు 2 కోట్ల 70 లక్షలమంది మరణించిరి. యుద్ధభూములను త్రవ్వి, సమాధులను కెలకి తెచ్చిన వస్తువని తెలిసినచో, అది ఎంత అపురూపమైనను, చేతితో తాకక తిరిగి యిచ్చివేయవలెను. నూరేండ్లు దాటిన చారిత్రక వస్తువులను మన దేశమునుండి విదేశములకు పంపుట 1972 నాటి పురావస్తు చట్టము ననుసరించి నిషిద్ధము; జారు కాలపు చిహ్నములు చేతికి వచ్చినవారు దీనిని మరువరాదు. ఇతరులు ప్రాణమొడ్డి సంపాదించిన హోదాను వేడుకకు భుజమున వేసికొనుట తగదు.

అభ్యాసము

1. మొదట చవుకయైన, 1970 తరువాతి భుజకీర్తులను కొన్నింటిని కొని, నిస్సందేహముగా అసలైనవానితో చేతికి, కంటికి పరిచయము కలిగించుకొనుడు. అసలును బాగుగ ఎరిగినవానికి నకిలీ తనంతట తానే పట్టుబడును.

2. ప్రతి వస్తువునకు ఒక పుట కేటాయించి, శాసనము, పదార్థము, చేతిపని, వృత్తాంతము అను నాలుగు గడులు గీయుడు. ఒక గడిని నింపునప్పుడు మిగిలిన గడులను కాగితముతో కప్పుడు.

3. కొలబద్ద, భూతద్దము, అతినీలలోహిత దీపము, ఈ మూడును మీ ఉపకరణములు. దారమును కాల్చిచూచుట, నక్షత్రము కాళ్లను ఎత్తిచూచుట మానుడు. పరీక్ష పేరిట సాక్ష్యమును చంపరాదు.

4. విలువైనదేదైన ఎదురైనప్పుడు ఆనాడే కొనకుడు. ఒక రాత్రి నిద్రించి, మరునాడు నాలుగు గడులను మరల చదువుడు. "ఇప్పుడే తీసికొనకున్న పోవును" అని తొందరపెట్టు విక్రేతకు నమస్కరించి వచ్చివేయుడు.

5. మీ నిర్ణయమును తప్పని నిరూపింపుమని ఒక మిత్రుని కోరుడు. మెచ్చుకొను మిత్రునికన్న ఆక్షేపించు మిత్రుడు ఈ వ్యాసంగమున అధికోపకారి.

ఈ అభ్యాసము సాగిన కొలది పాఠకుడు తనయందు ఒక మార్పును గమనించును. పుకారు విన్నప్పుడు, ఇంటిస్థలపు కాగితములు చూచినప్పుడు, ఒకరి శీలమునుగూర్చి మరియొకరు చెప్పినప్పుడు, అతని మనస్సు వెంటనే తీర్పునకు పరుగెత్తక, సాక్ష్యములు ఎన్ని, అవి ఒకదానినుండి ఒకటి పుట్టినవా, స్వతంత్రములా అని విచారింపసాగును. గుడ్డముక్క సంపాదించి పెట్టిన లాభములలో ఇదియే గొప్పది. కావున పాఠకులారా, ఈ ఆదివారము ఇంటిలోని పెద్దవారి పెట్టె నొకదానిని వారి అనుమతితో తెరిపించి, అందు దొరికిన పాత వస్తువు నొక్కదానిని, అది భుజకీర్తియే కానక్కరలేదు, బల్లమీద నుంచి నాలుగు గడులు గీయుడు. తెలిసినంత వ్రాయుడు, తెలియని గడిని ఖాళీగా వదలుటకు సిగ్గుపడకుడు, కోరికతో మాత్రము దానిని నింపకుడు.